ఎడమచేతి గీత

నది వీధి, మూడో అంతస్తు
నవంబరు 6

బావా,

నీ సంఘం పంపిన ఆహ్వానపత్రం నిన్న చేరింది. దళసరి కాగితం, చుట్టూ బంగారు అంచు. మా లిఫ్టు పాడై నెల దాటింది కాబట్టి పోస్టుమాన్ కింద గుమ్మంలోనే నిలబడి "సార్, పెళ్ళిపత్రిక వచ్చింది!" అని అరిచాడు. డెబ్బై నాలుగేళ్ళ వాడికి పెళ్ళిపత్రికైనా చావుకబురైనా మూడంతస్తులు దిగక తప్పదు. దిగాను. విప్పి చూస్తే పెళ్ళికొడుకువి నువ్వు.

"రెండు గీతల పద్ధతిని ఈ వృత్తికి అందించిన మన మాజీ అధ్యక్షుల గౌరవార్థం, ఇకపై ఆ పద్ధతిని వారి పేరుతోనే పిలవాలని విపత్తు అధికారుల సంఘం తీర్మానించింది." కిందే ఒక ఫొటో. పాత తలుపు పైభాగం, దాని మీద సుద్దగీత.

చదివి కుర్చీలో కూర్చున్నాను. టీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టుకుంటే అదీ చల్లారింది.

ఒక్క ప్రశ్న అడుగుతాను, అధ్యక్షుడిగా కాకుండా మా చెల్లెలి మొగుడిగా జవాబు చెప్పు. వరద వస్తున్నప్పుడు ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని పంపించి, ఖాళీ అయిన ఇంటి తలుపు మీద సుద్దతో గీత గీయాలని మన కంట్రోల్ రూములో మొదట అన్నది ఎవరు? ఆఫీసంతా నన్ను "సుద్దముక్క" అని ఎందుకు పిలిచేవాళ్ళు? నా చొక్కా జేబు ఎప్పుడూ తెల్లగా ఉంటుందని మా ఆవిడ చివరిదాకా సణుగుతూనే ఉండేది కదా, ఎందుకు? ఆ రోజుల్లో నువ్వు నా వెనక జాబితా పట్టుకుని తిరిగేవాడివి. తర్వాత నా గీతకి అడ్డంగా ఇంకో గీత చేర్చావు. అంతే నువ్వు చేసింది. ఇల్లు కట్టినవాడు వీధిలో ఉన్నాడు, గడియ బిగించినవాడి పేరు గుమ్మం మీద చెక్కుతున్నారు.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. కొమ్ములకి సన్మానం చేసుకోండి. కనీసం చెవులు ఎవరివో ఒక మాట అనండి. ఆ పేరు పక్కన నా పేరు ఉండాలి. అదే నేను అడిగేది.

చెల్లాయికి మోకాలు ఎలా ఉంది?

నీ
బావ


రేవు కాలనీ
నవంబరు 15

బావగారికి,

మీ ఉత్తరం మీ చెల్లెలు ముందు చదివింది. చదివి "మా అన్నయ్య ఆరోగ్యం బాగానే ఉంది" అంది. మోకాలు అలాగే ఉంది. మెట్లెక్కేటప్పుడు నన్ను తిడుతుంది, దిగేటప్పుడు డాక్టరుని.

సుద్ద మీదే. ఎవరు కాదన్నారు? ఏ శిక్షణకి వెళ్ళినా మొదట అదే చెబుతాను. పేరు పెట్టడం నా ఆలోచన కాదు. ఇప్పుడున్న కార్యదర్శి అమ్మాయి పట్టుదల. ఊళ్ళ నుంచి వచ్చే కార్డులు చూసి ఆవిడ అలా అనుకుంది.

కార్డుల సంగతి మీకు తెలియదేమో. రెండు గీతల పద్ధతిలో, బయటినుంచి పిలిచినవాడు ఒక గీత గీస్తాడు. ఇంకో మనిషి లోపలికి వెళ్ళి అన్ని గదులూ చూసి దాని మీద అడ్డగీత గీస్తాడు. అడ్డగీత లేని ఇల్లు ఖాళీ కానట్టే. సంఘంలో ఉన్న ప్రతి ఊరూ ఇది పాటిస్తోంది. ఆ రెండో మనిషికి లోపల ఎవరైనా కనబడితే, ఊరివాళ్ళు సంఘానికి ఒక కార్డు రాయాలి. "పెరటి గది, ముసలాయన, చెవుడు." "స్నానాలగది, ఇద్దరు పిల్లలు, తలుపు ఇరుక్కుంది." ఇలా రెండు ముక్కలు. ఇప్పటికి నలభై ఒకటి వచ్చాయి. డ్రాయరులో పెట్టుకున్నాను.

మీరు తప్పకుండా రావాలి. మీ సభ్యత్వం ఆగిపోయి పదిహేనేళ్ళయింది. ఏమీ లేదు, ఆ ఒక్క పుట రాసిస్తే చాలు. ఖాళీ ఫారం ఒకటి జతచేస్తున్నాను. ఈసారి చింపకండి.

మీ
బావ

(అన్నయ్యా, లిఫ్టు బాగయ్యేదాకా పాలు పైకి తెచ్చివ్వమని పాలతనికి చెప్పు. మాటిమాటికీ దిగకు.)


నది వీధి
నవంబరు 24

బావా,

ఫారం చింపలేదు. దానిమీద కళ్ళజోడు పెట్టుకుంటున్నాను. అలాగైనా ఒక పనికొచ్చింది.

"ఒక్క పుట" అన్నావు. ఆ పుట సంగతి నాకు చెప్పకు. అయిదేళ్ళకోసారి ధ్రువపత్రం కొత్తది కావాలంటే, ప్రతి అధికారీ తన ఉద్యోగంలో తాను చేసిన తప్పు ఒకటి రాసి, సంతకం పెట్టి, హాల్లో నిలబడి చదవాలి. ఇంకొకళ్ళ తప్పు రాయకూడదు. వినేవాళ్ళు మధ్యలో మాట్లాడకూడదు. తర్వాత దాన్ని పుస్తకంలో వేసి కొత్తవాళ్ళకి నేర్పాలి. ఎంత గొప్ప ఏర్పాటు! నేను వెళ్ళిన మొదటి సమావేశంలో ఒకాయన, అగ్నిమాపక వాహనాన్ని వన్‌వేలోకి ఎదురుగా పంపించానని చదివి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన చుట్టూ పదిమంది. పొద్దున్న పరువు పోయింది, మధ్యాహ్నానికి పెద్దమనిషి అయ్యాడు. పాపం చెప్పుకుంటే పోతుందని పాత పుస్తకాల్లో చదివాను. చెప్పుకుంటే పదవి వస్తుందని మీ సంఘంలోనే చూశాను.

నా వంతు వచ్చినప్పుడు ఆనాటి కార్యదర్శికి చెప్పాను, "నేను రాయడానికి ఏమీ లేదండీ" అని. ఆయన నవ్వి "అందరూ మొదట అలాగే అంటారు, ఇంటికెళ్ళి ఆలోచించండి" అన్నాడు. ఆలోచించాను. ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగం, రెండు వరదలు, ఒక మిల్లు అగ్నిప్రమాదం. లేని తప్పు ఎక్కడినుంచి తెచ్చేది? ఫారం చింపేశాను. వాళ్ళు నా సభ్యత్వాన్ని ఆపేశారు. తప్పు చేయనివాడికి చోటులేని సంఘం ప్రపంచంలో ఇదొక్కటే అయి ఉంటుంది.

ఇక ఇన్నాళ్ళూ అనకుండా ఉన్న మాట అనేస్తాను. నువ్వు ముందుకొచ్చింది దేనివల్ల? పంతొమ్మిదేళ్ళ కిందటి పెద్ద వరదలో గుండీలావిడ ఇంట్లోనే ఉండిపోయిన సందు ఎవరిది? నీది. కుట్టుమిషను పెట్టుకుని, గుండీలు అమ్ముకుని బతికిన ఒంటరి మనిషి. మూడోరోజు పడవవాళ్ళకి అటక మీద దొరికింది. తొమ్మిదోరోజు ఆస్పత్రిలో పోయింది. విచారణ జరిగింది. నిన్ను ఇసక బస్తాల గిడ్డంగికి పంపారు. నన్ను కంట్రోల్ రూము పెద్దని చేశారు. నేనేమీ సంతోషించలేదు. అప్పటికి మా ఆవిడ పోయి నెల కూడా కాలేదు. కానీ నువ్వు ఏం చేశావు? అదే కథ పుటగా రాసి చదివావు. చదివి కార్యవర్గంలోకి, అక్కణ్ణించి అధ్యక్షుడి కుర్చీలోకి. గిడ్డంగిలో పడ్డవాడు వేదిక ఎక్కాడు, కుర్చీలో కూర్చున్నవాణ్ణి పింఛనుతోపాటు మరిచిపోయారు. నీ తప్పుకి పూలగుత్తి, నా ఒప్పుకి పాడైన లిఫ్టు.

అసూయ అంటావా? అను. ఏళ్ళ తరబడి పెంచుకుంటున్నాను, మీ మనవళ్ళ కన్నా పెద్దది.

ఇంకో విషయం. ఆ ఆహ్వానపత్రం మీద ఫొటోని భూతద్దంతో చూశాను. ఎవరి తలుపో తెలియదు గానీ గీత ఎవరిదో తెలిసింది. అది నా గీత.

నీ
బావ


రేవు కాలనీ
డిసెంబరు 3

బావగారూ,

మీరన్నవాటిలో చాలావాటికి జవాబు చెప్పను. మీరు పెద్దవారు, అనే హక్కు మీకుంది.

ఫొటో సంగతి వదిలెయ్యండి. పాత ఫొటో, ఎక్కడిదో. ప్రెస్సువాడికి ఏది దొరికితే అది వేశాడు. సభలో వేరే ఫొటో పెట్టమని కార్యదర్శికి ఈరోజే చెబుతాను. మీ పేరు కూడా ప్రసంగంలో మొదటే వస్తుంది, నేను చూసుకుంటాను. దయచేసి దీని గురించి ఇంకెవరికీ ఏమీ రాయకండి.

చలి పెరిగింది. మీ గదిలో కిటికీ సందుకి కాగితం కుక్కారా?

మీ
బావ


నది వీధి
డిసెంబరు 10

బావా,

దొంగకి తేలు కుట్టినట్టుంది నీ ఉత్తరం. పది వాక్యాలు, అందులో ఒకటి కిటికీ గురించి.

ఫొటో తీయించేస్తావా? నాది అనగానే ఆ గీత నీకు బరువైపోయిందా? పంతొమ్మిదేళ్ళు నా సుద్దని వాడుకున్నావు. చివరికి నా చేతివాటం ఒక్కటి పొరపాటున నీ పత్రిక మీద అచ్చయితే, అదీ చెరిపేస్తావా? నా పేరు ప్రసంగంలో వస్తుంది అంటావు. ప్రసంగాలు నాకు తెలియవా? "ఈ సందర్భంగా ఫలానా పెద్దలని కూడా స్మరించుకుందాం" అంటారు. వినేవాడు నేను పోయాననుకుంటాడు.

ఇదిగో, మీ కార్యదర్శికి రాసిన ఉత్తరం నకలు. చదువు.

"గౌరవనీయులైన కార్యదర్శిగారికి. మీ ఆహ్వానపత్రం మీద అచ్చువేసిన సుద్దగీత నా చేతిది. ఇందుకు మూడు రుజువులు. ఒకటి: ఆ గీత ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి దిగింది. కుడిచేతివాటం మనిషి అలా గీయడు. ఆనాటి బృందంలో ఎడమచేతివాటం వాణ్ణి నేనొక్కణ్ణే. రెండు: గీత చివర కొక్కెంలా పైకి తిరిగింది. నా సంతకం చివర కూడా అలాగే తిరుగుతుంది. ఈ ఉత్తరం కిందే చూడండి. మూడు: గీత తలుపు పైపట్టీ దగ్గర మొదలైంది. నేను ఆరడుగుల రెండంగుళాలు. మీరు సన్మానిస్తున్నవారు స్టూలు వేసుకున్నా అక్కడికి అందుకోలేరు. కాబట్టి ఆ తలుపు ఏ ఇంటిదైనా సరే, దాన్ని చూసిన ప్రతిచోటా నా పేరు చెప్పవలసిందిగా కోరుతున్నాను."

ఎలా ఉంది? ఇంతకన్నా గట్టి రుజువులు పెద్ద పెద్ద కేసుల్లో కూడా ఉండవు. కవరు అంటించి బల్లమీద పెట్టాను. ఈ నెలాఖరుదాకా చూస్తాను. ఈలోగా నువ్వే సంఘానికి చెప్పుకుంటే సరే. లేకపోతే జనవరి మొదటి సోమవారం పోస్టులో పడుతుంది.

నీ
బావ


రేవు కాలనీ
డిసెంబరు 19

అన్నయ్యా,

ఈ ఉత్తరం నేను రాస్తున్నట్టు ఆయనకి తెలియదు. ఆయన సంఘం పనిమీద పైఊరు వెళ్ళారు. అక్కడ గ్యాసు లీకైందట, పక్క నాలుగు ఊళ్ళనుంచి మనుషుల్ని పంపాలని పొద్దున్నించి ఫోన్లు. ఎవరికి ముసుగులున్నాయి, ఎవరికి బస్సులున్నాయి అన్నీ ఈయనకి నోటిలెక్క. డెబ్బై దగ్గరపడుతున్నా పిలిస్తే చాలు, చెప్పులు వేసుకుంటారు.

నీ నకలు చదివాక ఆయన భోజనం చెయ్యలేదు. "పంపేస్తాడేమో, ఆపాలి" అంటారు. "ఎలా ఆపుతారు, నిజం చెప్పకుండా?" అన్నాను. "చెప్పకుండానే" అన్నారు. పంతొమ్మిదేళ్ళు ఆ మాట విన్నాను. ఇక నావల్ల కాదు. చిన్నప్పటినుంచీ నీకు ఎవరూ ఏదీ చెప్పరు, చెబితే అరుస్తావని. అరుచుకో. నేను మూడంతస్తుల దూరంలో కాదు, నలభై మైళ్ళ దూరంలో ఉన్నాను.

ఆ ఫొటోలో తలుపు గుండీలావిడది.

నీలంరంగు తలుపు అన్నయ్యా. ఫొటో నలుపు తెలుపు కాబట్టి నీకు తెలియలేదు. నీళ్ళు తీశాక ఆయనే ఆ ఫొటో తీశారు. సంఘం పుస్తకంలో ఆయన పుట పక్కన ఎప్పటినుంచో ఉంది. సభ్యులందరికీ తెలుసు అది ఎవరి తలుపో. నువ్వు సంఘంలో లేవు కాబట్టి నీకు తెలియదు.

వరదొచ్చిన రోజు మిల్లు రోడ్డు, దాని సందులూ నీవి. పదకొండు గంటలకి నీ వాకీటాకీలో కబురొచ్చింది, ఆస్పత్రి కింది అంతస్తులోకి నీళ్ళొచ్చాయి, రోగుల్ని మారుస్తున్నారు అని. వదిన అక్కడుంది, ఆపరేషనై నాలుగో రోజు. నువ్వు రొట్టెల దుకాణం మూల దగ్గర జాబితా ఈయన చేతిలో పెట్టి పరుగెత్తావు. సందు మొదలుపెట్టకముందే ఇచ్చేశానని నీకు జ్ఞాపకం. కాదు. మొదటి మూడిళ్ళు నువ్వే చేశావు. జాబితాలో నీ పెన్నుతో మూడు టిక్కులున్నాయి, మూడోది ఆవిడ ఇల్లు. కాగితం మా బీరువాలో ఉంది. పిలిచి ఉంటావు. ఆవిడకి వినబడదు కదా. జవాబు రాలేదు, గీత గీశావు, వెళ్ళిపోయావు.

తప్పని నేననను. ఆ గంటలో నేనైనా అదే చేసేదాన్ని. కానీ ఆయన్ని గిడ్డంగికి పంపినప్పుడు ఒక్క మాట అనలేదే అని నాకు నీ మీద కోపం. తర్వాత తెలిసింది, నీకు అసలు తెలియదని. అప్పుడు కోపం ఆయన మీదికి మళ్ళింది. ఇప్పుడు ఇద్దరిమీదా ఉంది.

మూడు రుజువులు రాశావు కదా. ఎంత బాగా రాశావు! పోలీసులు కూడా అంత బాగా పట్టుకోలేరు.

ఆ కవరు ఏం చేస్తావో నీ ఇష్టం.

చెల్లాయి


రేవు కాలనీ
డిసెంబరు 27

బావగారూ,

మీ చెల్లెలు తాను ఏం రాసిందో చెప్పింది. రెండురోజులు పోట్లాడుకున్నాం మేము. ఇప్పుడు మాట్లాడుతున్నాం.

ఇక దాచడానికి ఏమీ లేదు కాబట్టి సరిగా చెబుతాను. ఆవిడ రాసినదానిలో ఒకటి సరికాదు. నేను మీ తప్పుని నెత్తిన వేసుకున్నానని ఆవిడ ఇన్నేళ్ళూ నమ్ముతోంది. మీరూ ఇప్పుడు అలాగే అనుకుని నన్ను ఇంకా తిట్టుకుంటూ ఉంటారు, "వీడు త్యాగమూర్తి కూడానా" అని. కంగారుపడకండి. అంత గొప్ప నాకు లేదు.

విచారణలో ఒకే ప్రశ్న అడిగారు: పదకొండు తర్వాత ఆ సందు ఎవరి చేతిలో ఉంది? నా చేతిలో ఉంది. గీత ఎవరిదని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణా? మీ ఆవిడ అప్పుడు ఉంటుందా పోతుందా అన్నట్టుంది. ఏమో. ఇప్పటికీ తెలియదు.

కానీ సంఘంలో పుట రాసినప్పుడు నియమం మీకు తెలుసు, ఎవరి తప్పు వాళ్ళే రాయాలి. నాది నేను రాశాను. "తలుపు మీద గీత ఉంది. నమ్మాను. తట్టలేదు. లోపలికి వెళ్ళలేదు. కిటికీ దగ్గర కుట్టుమిషను మీద దీపం వెలుగుతోంది, చూశాను. ఆర్పడం మరిచిపోయి వెళ్ళారనుకున్నాను." ఆ దీపం మీద గీతలేదు బావగారూ. అది పూర్తిగా నాది. దానికి గిడ్డంగి సరైన చోటే. అక్కడ ఆరేళ్ళు ఇసక బస్తాల మధ్య కూర్చుంటేనే రెండో గీత తట్టింది. ఒక మనిషి చూసిందాన్ని ఇంకో మనిషి చూడాలి, మొదటివాడు ఎంత గొప్పవాడైనా.

మీరు ఆ గీత గీశారన్నది నేను ఎప్పుడూ ఎక్కడా రాయలేదు, ఎందుకంటే అది నా పుట కాదు. ప్రతి శిక్షణలోనూ ఆ ఫొటో చూసి కొత్తవాళ్ళలో ఎవరో ఒకరు చెయ్యెత్తి అడుగుతారు, "మొదటి గీత ఎవరిది సార్?" అని. "అది నాకు చెప్పే హక్కు లేదమ్మా" అంటాను. వాళ్ళు ఏదో పెద్ద రహస్యం ఉందనుకుని పుస్తకంలో గీతకింద గీత గీసుకుంటారు.

కాబట్టి మీ తప్పు నా దగ్గర లేదు. ఎప్పుడూ లేదు. మీ దగ్గరే ఉంది, మీ కళ్ళజోడు కింద.

కవరు పోస్టు చేసినా మానినా నేనేమీ అనను. సభ ఫిబ్రవరి ఇరవైన. ఫొటో మార్చమని చెప్పాను, కార్యదర్శి ఒప్పుకోలేదు. "సార్, ఆ గీత లేకపోతే మన దగ్గర ఏముంది చెప్పడానికి?" అంది.

మీ
బావ


నది వీధి
ఫిబ్రవరి 9

బావా,

నీ ఉత్తరానికి ఆరు వారాలు జవాబు రాయలేదు. జబ్బేమీ లేదు. లిఫ్టు బాగయింది, ఎక్కే ధైర్యం చాలక మెట్లే దిగుతున్నాను.

నిజం చెబుతాను. చెల్లాయి ఉత్తరం చదివాక ముందు వచ్చింది బాధ కాదు. కోపం. నన్ను ఆరోజే అడిగి ఉంటే ఒప్పుకునేవాణ్ణి, నాకు ఆ అవకాశం లేకుండా చేశారు, పెద్దరికం కూడా నువ్వే కొట్టేశావు అనుకున్నాను. మూడురోజులకి తెలిసింది, అడిగి ఉంటే అరిచేవాణ్ణని. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. నువ్వు నా బరువు మోసి ఉంటే నిన్ను అసహ్యించుకోవడం తేలికయ్యేది. మోయలేదన్నావు. దీపం నీది, గీత నాది. పాలు పంచుకోవడానికి కూడా వీల్లేకుండా లెక్క తేల్చేశావు.

మిల్లు రోడ్డుకి నడిచి వెళ్ళాను. రొట్టెల దుకాణం ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నారు. సందులో మూడో ఇంటికి ఇనుప తలుపు. ఎవరో కాలేజీ పిల్లలు అద్దెకుంటున్నారు. "ఎవరు కావాలి తాతగారూ?" అని ఒకమ్మాయి అడిగింది. తలుపు పైపట్టీ దగ్గర చెయ్యి పెట్టి చూశాను. ఎడమ చెయ్యి. ఎత్తు సరిగ్గా సరిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది. గీత గుర్తు రాలేదు బావా, ఇప్పటికీ రాదు. సుద్ద గుర్తొచ్చింది. తడి తలుపు మీద సుద్ద సరిగా పట్టక, రెండోసారి అదిమి గీశాను. ఆ అదమడంలోనే కొక్కెం వచ్చి ఉంటుంది. సుద్ద పట్టడం లేదని గమనించాను, లోపల మిషను ఆడుతోందేమో అని వినలేదు. నా యూనిఫారం చొక్కాకి మూడో గుండీ ఆవిడే కుట్టింది. ఆవిడకి చెవులు వినబడవని కుట్టించుకున్నవాడికి తెలియదా? చొక్కా కొలత చూపుడు వేలితో చూపించాలి ఆవిడకి. తెలుసు నాకు. తెలిసే బయటినుంచి పిలిచాను.

ఇక ఆ నలభై ఒక్క కార్డులు. వాటిమీద నాకెంత కన్నో నీకు తెలియదు. ఒక్కటైనా నా పేరు మీద రాలేదే అని వారాలపాటు కుళ్ళాను. ఇప్పుడు వాటిని చూడాలని ఉంది. సభకి తెస్తావా? స్నానాలగది పిల్లలిద్దరిదీ ముందు చూపించు.

కార్యదర్శికి రాసిన కవరు విప్పాను. చింపలేదు. మూడు రుజువులూ బాగా కుదిరాయి, పారేయడానికి మనసు రాలేదు. వాటినే ఫారంలోకి ఎక్కించాను. నకలు ఇది:

"సభ్యుని తప్పు: పెద్ద వరదలో మిల్లు రోడ్డు మూడో సందు, మూడో ఇల్లు. లోపలున్న మనిషికి చెవులు వినబడవని తెలిసి కూడా, బయటినుంచి పిలిచి, జవాబు రాలేదని, లోపలికి వెళ్ళకుండా ఖాళీ అని గీత గీశాను. ఆవిడ తొమ్మిదో రోజు మరణించారు. గీత నాదేనని రుజువులు: ఎడమచేతివాటం, చివర కొక్కెం, మనిషి ఎత్తు. ఇందులో నేర్చుకోవలసింది: నాలాంటివాడు గీసిన గీతని నమ్మకండి."

సంతకం పెట్టాను. చివర కొక్కెం అలాగే తిరిగింది.

పోస్టులో వేయలేదు. నేనే తెస్తాను. చదవడానికి నాకు ఎంతసేపు ఇస్తారో కనుక్కో. అద్దాలు మార్చుకోవాలి, గొంతు కూడా మునుపటిలా లేదు. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదన్న నియమం మంచిదే, ఇన్నాళ్ళకి ఒప్పుకుంటున్నాను.

పద్ధతికి నీ పేరే ఉండనీ. నా పేరు పక్కన వద్దు. ఉదారంగా అంటున్నాననుకోకు. ఇప్పటికీ పత్రిక తీసి చూస్తే లోపల ఏదో గీరుతుంది. ఈ వయసులో అది పోదు. నీ పుట ఎప్పుడో అచ్చయింది, నాది ఇప్పుడు మొదలవుతోంది. దీనిలో కూడా నువ్వే ముందు.

ఒకటి మాత్రం చెయ్యి. సభలో కొత్తవాళ్ళెవరైనా "మొదటి గీత ఎవరిది సార్?" అని అడుగుతారు కదా. ఈసారి నీకు చెప్పే హక్కు లేదనకు. ఏమీ అనకు, ఊరికే ఆగు. నేను మూడో వరసలో కూర్చుంటాను. ఎడమ చెయ్యి ఎత్తుతాను. పొడుగు చెయ్యి కాబట్టి చివరి వరసదాకా కనిపిస్తుంది. ఆ ఒక్క విషయంలో నువ్వు స్టూలు వేసుకున్నా నాకు సాటి రావు.

చెల్లాయిని పక్కన కూర్చోమను. లేచేటప్పుడు నాకు కాస్త చెయ్యి కావాలి.

నీ
బావ